తేలిక గొలుసు మీది చిన్న గుర్తు

మంథనిలో పెళ్లి మాట కదిలితే ముందు అడిగేది గోత్రం. వేదపండితుల ఇళ్లకు పేరుపడ్డ ఊరు కదా, అందుకే అనుకుంటాం. కానీ గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల్లోకి పోయినా ఆ ప్రశ్న వెంట వస్తూనే ఉంటుంది. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగాలు, అంటే గోత్రాల్లాంటి విభాగాలు, ఉన్నాయి. ఒక సగాలో పుట్టినవాళ్లు ఆ సగాలోనే పిల్లనివ్వరు, తెచ్చుకోరు. కోమట్లు, పద్మశాలీలు, నాయకపోడ్లు, కోయలు, కోలాములు, అందరిదీ ఇదే కట్టు: కులం లోపల చేసుకోవాలి, గోత్రం బయట చేసుకోవాలి. పైగా మేనరికం ఉండనే ఉంది. ఇన్ని కట్ల మధ్య వందల ఏళ్లుగా పక్కపక్కనే బతుకుతున్న మనుషుల రక్తంలో ఏం తేడా ఉంటుందో చూడాలని జన్యుశాస్త్రజ్ఞులకు అనిపించడంలో వింత లేదు.

వాళ్లు వెతికిన గుర్తుల్లో రక్తపు గ్రూపులు అందరికీ తెలుసు, సికిల్ సెల్ గురించీ ఇప్పుడు ఊరూరా తెలుసు. అంతగా ఎవరూ చెప్పుకోనిది యాంటీబాడీల తేలిక గొలుసు మీద ఉండే కేఎం గుర్తు. అరవై ఏళ్ల పైబడిన దాని చరిత్రను ఒకసారి మొదటి నుంచి తిరగేస్తే నాకు తోచింది ఇది: ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పమని ఆ గుర్తును చాలాకాలం నిలదీశారు. ఆ ప్రశ్నకు అది చెప్పగలిగింది తక్కువ. శరీరం రోగాన్ని ఎలా ఎదుర్కొంటుందో చెప్పమని మాత్రం, మన దగ్గరైతే, ఎవరూ గట్టిగా అడగలేదు.

యాంటీబాడీ అణువు ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది. రెండు బరువు గొలుసులు, వాటి పై చేతులకు అతుక్కుని రెండు తేలిక గొలుసులు. తేలిక గొలుసు పొడవు సుమారు 214 అమినో ఆమ్లాలు. అందులో మొదటి సగం రోగక్రిమిని పట్టుకునే చోటు, అది యాంటీబాడీకీ యాంటీబాడీకీ మారిపోతుంది. 108వ స్థానం నుంచి చివరిదాకా ఉన్న సగం మారదు, దాన్ని స్థిరభాగం అంటారు. తేలిక గొలుసుల్లో కప్పా, లాంబ్డా అని రెండు రకాలు. మన నెత్తుటిలో కప్పా సుమారు రెండు వంతులు, లాంబ్డా ఒక వంతు. కప్పా స్థిరభాగానికి ఒకే జన్యువు, రెండో క్రోమోజోము మీద ఉంది. లాంబ్డాకు ఇరవై రెండో క్రోమోజోము మీద వరసగా అనేక జన్యువులున్నాయి. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

మారని భాగం అన్నాం గానీ, అది మనిషికీ మనిషికీ కొంచెం మారుతుందని మొదట బయటపెట్టింది స్వీడన్‌లోని లుండ్ నగరంలో రూనె గ్రబ్. 1956లో ఆయన, లారెల్ కలిసి మనుషుల సీరంలో వంశపారంపర్యంగా వచ్చే గ్రూపులున్నాయని రాశారు. అవి జీఎం గుర్తులు, బరువు గొలుసు మీదివి. అదే ఏడాది ఫ్రాన్స్‌లో జాక్ ఊదాఁ కుందేళ్లలో ఇలాంటి తేడాలు చూపించి వాటికి అల్లోటైపులని పేరు పెట్టాడు. ఆపై ఐదేళ్లకు, 1961లో, ఫ్రాన్స్‌లోనే రువాఁ పట్టణంలో రొపార్జ్, లెన్వార్, రివా అనే ముగ్గురు ఇంకో కొత్త గుర్తును పట్టుకున్నారు. అది జీఎంతో కలిసి నడవలేదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు విడిగా దిగుతోంది. దానికి ఇన్వీ అని పేరు పెట్టారు. అది తేలిక గొలుసు మీది గుర్తని, అందులోనూ కప్పా మీదిదని తర్వాత తేలింది. 1976లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నామకరణ సమీక్షలో పేరు కేఎంగా మార్చారు. పాత పుస్తకాల్లో ఇన్వీ అని కనబడితే ఇదే.

పట్టుకున్న పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఓ గ్రూపు, ఆర్‌హెచ్ పాజిటివ్ ఎర్రకణాలు తీసుకుంటారు. వాటి మీదుండే డి యాంటీజెన్‌ను పట్టుకునే యాంటీబాడీలు పూస్తారు. ఆ పూతలో కేఎం గుర్తు ఏదో ముందే తెలిసుంటుంది. ఆ గుర్తును పట్టుకునే మరో సీరం కలిపితే కణాలన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి. ఇప్పుడు అసలు పరీక్ష. కణాలు కలపకముందే, పరీక్షించదలచిన మనిషి సీరంను పలచన చేసి ఆ పట్టుకునే సీరంతో కలిపి కాసేపు ఉంచుతారు. ఆ మనిషి నెత్తుటిలో కేఎం గుర్తు ఉంటే, పట్టుకునే సీరం దాని మీదే ఖర్చయిపోతుంది, కణాలకు ఏమీ మిగలదు. కాబట్టి పళ్లెంలో కణాలు ముద్దకట్టకుండా విడివిడిగా ఉంటే ఆ మనిషికి గుర్తు ఉన్నట్టు, ముద్దకడితే లేనట్టు. రక్తపు గ్రూపు పరీక్షకు అలవాటు పడ్డ కంటికి ఇది తలకిందులుగా తోస్తుంది.

ఆ పట్టుకునే సీరం ఎక్కడి నుంచి వచ్చేదన్నది ఇంకో కథ. కీళ్లవాతం రోగుల నుంచి, పదేపదే రక్తం ఎక్కించుకున్నవాళ్ల నుంచి, అరుదుగా ఆరోగ్యవంతుల నుంచి. తగిన దాత దొరికితే ఆ సీరంనే ఏళ్లతరబడి పొదుపుగా వాడుకునేవారు. కేఎం గుర్తు రూపాల్లో కేఎం1ను పట్టే సీరం కొంత తేలిగ్గా దొరికింది, కేఎం3ని పట్టేది గగనమయ్యేది. దాంతో ప్రపంచవ్యాప్తంగా జరిగిన సర్వేల్లో ఎక్కువ భాగం కేఎం1 ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోయాయి. ఈ లోటు మామూలుది కాదు, దీని సంగతి కిందికి వస్తుంది.

గుర్తు అంటే చివరికి ఏమిటి? జవాబు మూత్రంలో దొరికింది. 1845లో లండన్‌లో ఎముకలు మెత్తబడి చితికిపోతున్న ఒక రోగి మూత్రాన్ని వైద్యులు హెన్రీ బెన్స్ జోన్స్‌కు పంపారు. అందులో ఒక వింత ప్రోటీన్ ఉంది. వేడిచేస్తే గడ్డకడుతుంది, మరిగిస్తే మళ్లీ కరిగిపోతుంది. ఆ రోగాన్ని ఇప్పుడు మైలోమా అంటున్నాం. ఎముక మూలుగలో ఒకే ఒక్క ప్లాస్మా కణపు సంతతి అదుపు తప్పి పెరిగి, ఒకే రకం యాంటీబాడీని కుప్పతెప్పలుగా పోస్తుంది. 1956లో కార్న్‌గోల్డ్, లిపారీ ఈ ప్రోటీన్లు రెండు తెగలుగా విడిపోతాయని చూపారు. కప్పా, లాంబ్డా అన్న పేర్లు వాళ్ల పేర్ల మొదటి అక్షరాల జ్ఞాపకమే. 1962లో ఎడెల్మన్, గాలీ అసలు ముడి విప్పారు: బెన్స్ జోన్స్ ప్రోటీన్ అంటే అదే రోగి యాంటీబాడీకి చెందిన తేలిక గొలుసు. నూట పదిహేడేళ్లు పట్టింది.

ఆరోగ్యవంతుడి నెత్తుటిలో లక్షల రకాల తేలిక గొలుసులు కలిసిపోయి ఉంటాయి, అందులో ఒకదాని వరస చదవడం అప్పట్లో అసాధ్యం. మైలోమా రోగి మూత్రంలో ఒకే రకం, అదీ గ్రాముల కొద్దీ. 1965లో హిల్ష్‌మన్, క్రెయిగ్ ఇద్దరు రోగుల కప్పా గొలుసులు చదివారు. మొదటి సగాల్లో బోలెడు తేడాలున్నాయి. రెండో సగంలో ఒక్కచోట, 191వ స్థానంలో తేడా. ఒకరిలో ల్యూసీన్, ఇంకొకరిలో వాలీన్. మరుసటేడాదికల్లా ఆ తేడాయే ఇన్వీ గుర్తుకు మూలమని తేలిపోయింది. 1974లో ఇంకో తేడా బయటపడింది, అది 153వ స్థానంలో. దాంతో లెక్క సరిపోయింది. కేఎం1 అంటే 153లో వాలీన్, 191లో ల్యూసీన్. కేఎం1,2 అంటే 153లో అలనీన్, 191లో ల్యూసీన్. కేఎం3 అంటే 153లో అలనీన్, 191లో వాలీన్. ఇంతే. మూడు రూపాలు, రెండు స్థానాలు. వీటిలో ఒంటరి కేఎం1 చాలా అరుదు. సర్వేల్లో కేఎం1 పాజిటివ్ అని రాసినవాళ్లలో ఎక్కువమంది నిజానికి కేఎం1,2 వాళ్లు.

ఒక్క అమినో ఆమ్లం మారితే ఏమవుతుందో గోండు, కోయ గూడేలకు వేరే చెప్పనక్కర్లేదు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తే సికిల్ సెల్. తల్లిదండ్రులిద్దరి నుంచీ అది దిగితే బిడ్డ బతుకంతా నొప్పులు. కప్పా గొలుసులో రెండు చోట్ల మారినా మనిషికి జలుబు కూడా చేయదు. ఒకటి ఆసుపత్రి దాకా నడిపిస్తుంది, రెండోది ఉన్నట్టు కూడా తెలియకుండా మునిమనవల దాకా పోతుంది. కేఎం మీద జనం దృష్టి పడకపోవడానికి ఇంతకన్నా కారణం వెతకక్కర్లేదు.

లాంబ్డా సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. ఓజ్, కెర్న్ అంటూ దానిమీదా గుర్తులు దొరికాయి గానీ అవి వేరు రకం. లాంబ్డాకు జన్యువులు అనేకం కాబట్టి ఒకే మనిషిలో ఓజ్ ఉన్న గొలుసూ ఉంటుంది, లేని గొలుసూ ఉంటుంది. అందరిలోనూ ఉండేదాన్ని మనిషినీ మనిషినీ వేరుచేసే గుర్తుగా వాడలేం. అందుకే తేలిక గొలుసు జన్యు గుర్తులంటే ఆచరణలో కేఎం ఒక్కటే.

ఆ ఒక్కటీ శాస్త్రానికి చేసిన ఉపకారం మాత్రం చిన్నది కాదు. తండ్రి నుంచి కేఎం1, తల్లి నుంచి కేఎం3 వచ్చిన మనిషిని తీసుకోండి. అతని సీరంలో రెండూ ఉంటాయి. కానీ ఏ ఒక్క యాంటీబాడీ అణువు మీదా రెండూ కలిసి ఉండవు, ఎందుకంటే యాంటీబాడీలు చేసే ఒక్కో బి కణం ఒక్క గొలుసునే ఎంచుకుని తయారుచేస్తుంది. అలాంటి మనిషికి మైలోమా వస్తే ఆ రోగపు ప్రోటీన్ మీద ఒకే గుర్తు కనిపిస్తుంది, అంటే రోగం ఒకే కణపు సంతతిలో మొదలైందన్నమాట. ఒక్కో కణం ఒక్క యాంటీబాడీకే కట్టుబడి ఉంటుందన్న సిద్ధాంతానికి అల్లోటైపులే పెద్ద ఆధారాలయ్యాయి. ఇంకో ఆచరణ చిక్కు: పుట్టిన బిడ్డ నెత్తుటిలో ఉన్న ఐజీజీ రకం యాంటీబాడీ తల్లిది, మాయ దాటి వచ్చింది. ఆ సీరం పరీక్షిస్తే తల్లి గుర్తు కనిపిస్తుంది. బిడ్డ సొంత గుర్తు సీరంలో తేలాలంటే కనీసం ఆరు నెలలు ఆగాలి.

ఇక సర్వేల దగ్గరికి వద్దాం. 1960ల నుంచి 80ల దాకా ప్రపంచంలో కేఎం చూడని మూల లేదన్నంతగా చూశారు. ఆర్థర్ స్టైన్‌బర్గ్, కుక్ కలిసి 1981లో ఆ అంకెలన్నీ ఒక లావుపాటి పుస్తకంగా వేశారు. స్థూలంగా బొమ్మ ఇదీ. యూరప్ జనాభాల్లో కేఎం1 గుర్తు ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరో ఇద్దరో. ఆఫ్రికాలోనూ తూర్పు ఆసియాలోనూ అటూ ఇటుగా సగం మంది. ఇక్కడే పప్పులో కాలేయడం సులువు. ఆఫ్రికా అంకె, జపాన్ అంకె దగ్గరగా ఉన్నంత మాత్రాన ఆ రెండు జనాభాలు దగ్గరి చుట్టాలని ఎవరూ అనరు. గుర్తుకు ఉన్నవే మూడు రూపాలు, అందులో ఒకటి అరుదు. అంత కొద్ది సరంజామాతో వంశచరిత్ర రాయబోతే ఇలాంటి కాకతాళీయాలే ఎక్కువ తగులుతాయి. బరువు గొలుసు మీది జీఎం గుర్తులు గుత్తులుగా దిగుతాయి కాబట్టి వాటికి ఆ సత్తా కొంత ఉంది. జపాన్‌కు చెందిన హిదెయో మత్సుమోతో ఉత్తరాసియా నుంచి వలసల దారులు గీసింది జీఎం గుత్తులతోనే, కేఎంతో కాదు.

భారతదేశానికి సంబంధించి 1981 ముఖ్యమైన ఏడాది. ఆ ఏడాది ఆక్టా ఆంత్రొపొజెనెటికా అనే పత్రికలో షాన్‌ఫీల్డ్, కర్క్ కలిసి మన దేశపు జనాభాల్లో జీఎం, ఏఎం (ఇదీ బరువు గొలుసు మీదిదే), కేఎం గుర్తుల మీద వ్యాసం వేశారు. అదే పత్రికలో అదే ఏడాది తెలంగాణ ప్రాంతపు కొన్ని గిరిజన తెగల రక్తపు గుర్తుల మీద బ్లేక్, రమేశ్, విజయకుమార్, మూర్తి, భాటియాల వ్యాసం వచ్చింది. కీళ్లు కదిలిపోయే రోడ్ల మీద గూడేలకు పోయి నెత్తురు తీసి, చల్లదనం చెడకుండా ప్రయోగశాలకు చేర్చిన కాలం అది. ఆ శ్రమను తక్కువ చేయలేం. అంతకు ముందే 1940ల్లో మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో మకాం పెట్టి గోండుల సగాలు, ఆచారాలు నమోదు చేసి ఉన్నాడు. కాబట్టి తెగల కట్టుబాట్ల గురించి తెలియక కాదు. తెలిసీ, నమూనా సంచి మీద తెగ పేరొక్కటే రాసే అలవాటు సర్వేలకు అంటుకుంది. సగా, ఊరు, తల్లి పుట్టిల్లు, ఇవి పట్టికల్లోకి ఎక్కలేదు. గోండులకు పాడేవాళ్లైన పర్ధాన్లు, తోటీలు ఒకే ఊళ్లో ఉంటూ వేరుగా పెళ్లాడతారు. కోలాములు భాష దగ్గరే వేరు. నాయకపోడ్లు ఇప్పుడు ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారు. తెగ పేరు ఒక్కటే ఇన్ని సంగతులు మోయలేదు.

అంకెల్లో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ఒక గూడెంలో పిల్లల్ని కనే వయసు వాళ్లు యాభైమంది అనుకుందాం, కేఎం1 జన్యువు వాటా 10 శాతం అనుకుందాం. ఎవరి నుంచి ఏ ప్రతి బిడ్డకు దిగుతుందన్నది చీటీ తీసినట్టే కాబట్టి, ఒక్క తరంలోనే ఆ వాటా 7కు పడిపోవచ్చు, 13కు పెరగవచ్చు, ఏ వలసా లేకుండా, ఏ రోగమూ రాకుండా. పది తరాలకు అది పూర్తిగా మాయమైనా ఆశ్చర్యం లేదు. దీనికి తోడు సర్వేలో పరీక్షించింది వందమందినే అయితే, అసలు వాటా 10 ఉన్నచోట 6 నుంచి 14 మధ్య ఏ అంకైనా రావచ్చు. అలాంటప్పుడు కోయల్లో ఎనిమిది, గోండుల్లో పన్నెండు అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చరిత్ర చెప్పడం గాలిలో మేడలే. ఈ రెండు అంకెలూ ఉదాహరణకే వాడాను.

మేనరికం మాట కూడా ఇక్కడే తేల్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల గురించి 1963లోనే ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ రాశారు. అప్పటి నుంచి మన జన్యు వ్యాసాల్లో ఏ తేడా కనబడ్డా మేనరికం మీదికి నెట్టడం రివాజు. కేఎం విషయంలో ఆ నింద ఎంతవరకు నిలుస్తుంది? అన్ని పెళ్లిళ్లూ మేనమామ, మేనకోడలి మధ్యే జరిగే ఊరు ఒకటి ఊహించండి. కేఎం1 వాటా 10 శాతమైతే, రెండు ప్రతులూ కేఎం1 ఉన్నవాళ్లు మామూలు ఊళ్లో వెయ్యికి పదిమంది ఉంటే ఈ ఊళ్లో ఇరవై ఒక్కమంది ఉంటారు. రెట్టింపు, నిజమే. కానీ జన్యువు మొత్తం వాటా మారదు. పాత సర్వేలు కేఎం1 ఉందా లేదా అని మాత్రమే చూసి, లేనివాళ్ల నిష్పత్తికి వర్గమూలం తీసి వాటా కట్టేవి. పెళ్లిళ్లు ఇష్టం వచ్చినట్టు కలిసిపోతాయన్న నమ్మకం మీద నడిచే లెక్క అది. మన దగ్గర ఆ నమ్మకం చెల్లదు. చెల్లకపోయినా, ఆ ఊహా ఊళ్లో సైతం 10 శాతం 9.4గా కనిపిస్తుంది, అంతే. అసలు ముప్పు చిన్న ఊళ్ల చీటీలాటలో, చిన్న నమూనాలో ఉంది. మేనరికం చెడ్డపేరంతా మోసింది గానీ ఈ లెక్కలో దాని పాలు బహు స్వల్పం.

తర్వాత డీఎన్‌ఏ వచ్చి సీరం గుర్తుల కాలాన్ని మూసేసింది. ఎండిన నెత్తుటి మరకల్లోనూ నిలుస్తాయి కాబట్టి జీఎం, కేఎంలను నేరపరిశోధనలో, పితృత్వ తగాదాల్లో వాడేవారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి తెచ్చి, 1991లో తలసేరి కోర్టులో ఒక పితృత్వ కేసులో సాక్ష్యం చెప్పాక వాటి అవసరం తీరిపోయింది. వంశచరిత్ర పనీ అటే పోయింది. 2009లో సీసీఎంబీ, హార్వర్డ్ బృందాలు లక్షల స్థానాలు చదివి, మన జనాభాల్లో చాలావరకు రెండు పురాతన మూలాల మిశ్రమాలని చూపించాయి. తెలుగు కోమట్లు నూరు తరాలుగా దాదాపు బయటి కలయిక లేకుండా ఉన్నారని కూడా అందులోనే తేలింది. కోమట్లలో కొందరికి బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపిస్తుంది. ఆపరేషన్ ముందు ఇచ్చే సక్సినైల్ కోలిన్ అనే మందు వాళ్లకు గంటల తరబడి దిగదు, కండరాలు చచ్చుబడి ఊపిరి అందదు. మత్తు ఇచ్చే డాక్టరుకు ఇంటిపేరు విని ఆ సంగతి గుర్తొస్తే ఒక ప్రాణం నిలుస్తుంది. ఒక జన్యు గుర్తు ఆ సమాజానికే పనికిరావడం అంటే ఇలా ఉండాలి. కేఎంతో అలాంటిది ఏమైనా ఉందా?

ఉందేమోనన్న ఆశ అమెరికా నుంచి వచ్చింది. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే బి (హిబ్) అనే సూక్ష్మజీవి చిన్నపిల్లలకు మెదడు పొరల వాపు తెస్తుంది. 1984లో గ్రానాఫ్, జనార్దన్ పాండే తదితరులు ఆ జీవి మీది చక్కెరపొరతో చేసిన టీకా వేసిన పిల్లల్ని పరీక్షించారు. కేఎం1 ఉన్న పిల్లల్లో యాంటీబాడీలు ఎక్కువగా తయారయ్యాయి. నల్లజాతి పిల్లల్లో ఆ గుర్తు ఉన్నవాళ్లకు జబ్బు ముప్పు తక్కువగా కనిపించింది. దక్షిణ కెరొలైనాలో పాండే ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇదే దారి పట్టి, జీఎం, కేఎం రకాలకూ అనేక అంటువ్యాధులకూ క్యాన్సర్లకూ లంకెలు వెతుకుతూ వచ్చారు.

వీటిని ఎంతవరకు నమ్మాలి? చక్కెరపొర టీకా ఫలితం నాకు గట్టిదిగానే తోస్తుంది, ఎందుకంటే చక్కెరపొరల మీద పుట్టే యాంటీబాడీల రకాలు కొద్ది, అక్కడ గొలుసు తేడా లెక్కలోకి రావడానికి వీలుంది. కొన్ని పదులమంది రోగులతో చేసిన లంకెల మీద మాత్రం నాకు గురి లేదు. ఒకచోట కనబడింది ఇంకోచోట కనబడకపోవడం ఈ రంగంలో మామూలు. స్థిరభాగంలో ఉన్న 153, 191 స్థానాలు క్రిమిని పట్టే చోటికి దూరం. అంత దూరం నుంచి పట్టును ఎలా మారుస్తాయన్న దానికి ఇంకా తృప్తికరమైన జవాబు లేదు. ఆ గుర్తు పనిచేస్తోందా, పక్కనే కలిసి దిగే మరో జన్యువు పనిచేస్తుంటే ఈ గుర్తుకు పేరొస్తోందా అన్నదీ అప్పుడప్పుడు అనుమానమే. పైగా ఇప్పుడు వాడే హిబ్ టీకా పాతది కాదు. చక్కెరపొరను ఒక ప్రోటీన్‌కు అతికించి ఇస్తారు కాబట్టి దాదాపు అందరు పిల్లల్లోనూ పనిచేస్తుంది. 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడులతో మొదలై దేశమంతా వచ్చిన ఐదింటి టీకాలో ఉన్నది ఈ కొత్తదే. దాన్ని తయారుచేసే కంపెనీల్లో హైదరాబాద్ బయలాజికల్ ఇ ఒకటి. అంటే కేఎం తేడా ఒకప్పుడు ప్రాణం మీదికి తెచ్చి ఉండొచ్చు గానీ, ఆ ఒక్క జబ్బు వరకు మంథని అంగన్‌వాడీలో సూది వేయించుకున్న బిడ్డకు దాంతో పెద్ద పనిలేదు.

ఇప్పుడు లెక్కించదగిన చోటు ఇంకొకటి: మందులుగా ఇచ్చే యాంటీబాడీలు. లింఫోమాకు వాడే రిటుక్సిమాబ్, రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్, కీళ్లవాతానికి వాడే అడాలిముమాబ్, ఇవన్నీ కప్పా గొలుసువే, ఆ కప్పా కేఎం3యే. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రెడిటక్స్ పేరుతో రిటుక్సిమాబ్ తెచ్చింది. రెండు ప్రతులూ కేఎం1 రకం ఉన్న మనిషి ఒంట్లో కేఎం3 ఎన్నడూ పుట్టలేదు. ఆ మనిషికి ఈ మందు ఎక్కిస్తే ఒళ్లు దాన్ని పరాయిదిగా చూసి ఎదురు తిరగవచ్చు. సిద్ధాంతం అది. పదేపదే రక్తం ఎక్కించుకున్నవాళ్లలో కేఎంకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుడతాయని పాతకాలపు సీరం వేటలోనే తెలుసు కాబట్టి ఈ భయం గాలి కబురు కాదు. అయితే ఈ మందుల మీద రోగుల్లో పుట్టే ఎదురు యాంటీబాడీల్లో అత్యధికం మందులోని మారే భాగాన్నే పట్టుకుంటున్నాయి, కేఎం చోటును కాదు. ఇంతవరకు చూసిన సాక్ష్యంతో కేఎం రకం చూసి మందు ఎంచుకోమని ఏ డాక్టరుకూ చెప్పలేం.

మైలోమా అనుమానంతో పెద్ద ఊరి ఆసుపత్రికి పోయినవాళ్ల చేతికి వచ్చే రిపోర్టులో కప్పా, లాంబ్డా అని ఉంటుంది. అది వేరే సంగతి. అక్కడ చూసేది బరువు గొలుసుకు అతకని విడి తేలిక గొలుసుల మోతాదు, వాటి నిష్పత్తి. మామూలు నిష్పత్తి 0.26 నుంచి 1.65 దాకా. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు 3.1 దాకా పోయినా కంగారు పడనక్కర్లేదు. ఆ అంకెకూ కేఎం రకానికీ సంబంధం లేదు. రిపోర్టు పట్టుకుని వంశం గురించి ఆలోచించేవాళ్లు తక్కువే గానీ, జన్యు పరీక్ష అనుకుని పిల్లలకూ చేయించమని అడిగేవాళ్లు ఉన్నారు.

తెలుగువాళ్ల కేఎం అంకె కావాలంటే ఇప్పుడు గూడెం గూడెం తిరగక్కర్లేదు. 2015లో ముగిసిన వెయ్యి జీనోముల ప్రాజెక్టులో 26 జనాభాల నుంచి 2,504 మంది ఉన్నారు. అందులో 102 మంది బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు. వాళ్ల కప్పా జన్యువు కూడా బహిరంగ సమాచారంలో ఉంది, ఎవరైనా తెరిచి చదవొచ్చు. అయితే దాంట్లో ఒక చిక్కు ఉంది. ఆ డీఎన్‌ఏ చాలావరకు బి కణాలను చావకుండా పెంచిన కణసంతతుల నుంచి తీశారు. యాంటీబాడీ జన్యువులను కోసి అతికించుకునేది సరిగ్గా బి కణాలే. లాంబ్డా గొలుసు ఎంచుకున్న బి కణం తన కప్పా స్థిరభాగాన్ని చాలాసార్లు కత్తిరించి పారేస్తుంది. ఒక ప్రతి పోయి ఒకటి మిగిలితే, కేఎం1, కేఎం3 రెండూ ఉన్న మనిషి ఒక్కటే ఉన్నవాడిలా కనిపిస్తాడు. ఏ కణంలోనైనా డీఎన్‌ఏ ఒకటే అన్న పాఠానికి ఇంత ముఖ్యమైన మినహాయింపు ఈ ఒక్క జన్యువు దగ్గరే అడ్డం రావాలా అనిపిస్తుంది. మామూలు రక్తంలోనైతే తెల్లకణాల్లో బి కణాలు కొద్దిపాళ్లే కాబట్టి ఈ పొరపాటు దాదాపు ఉండదు. 2025 జనవరిలో విడుదలైన జీనోమ్ ఇండియా పదివేల జీనోములు ఈ లెక్కకు అందుకే మేలు.

ఆ 102 మందిలో గోదావరి ఒడ్డువాళ్లు ఎందరో, గుంటూరువాళ్లు ఎందరో ఆ సమాచారంలో లేదు. తెలుగు అన్న ఒక్క మాటే ఉంది. ఉత్తర తెలంగాణకు పనికొచ్చే లెక్క కావాలంటే సికిల్ సెల్ పరీక్షలు సరైన అవకాశం. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన గూడేల్లో నెత్తురు ఎలాగూ తీస్తున్నారు. ఒప్పుకున్నవాళ్ల నమూనాలో మిగిలిన దాంతోనే కప్పా జన్యువులో రెండు స్థానాలు చదవడం ఒక చిన్న పీసీఆర్ పని. చీటీ మీద తెగ పేరుతో పాటు సగా, తల్లి పుట్టినూరు రాయాలి. అంతకన్నా ముఖ్యం, అదే మనిషిలో ఏదో ఒక టీకాకు, చక్కెరపొర రకమైతే మరీ మంచిది, పుట్టిన యాంటీబాడీ మోతాదు కొలవాలి. నిమోనియాకు పెద్దవాళ్లకిచ్చే ఇరవై మూడు రకాల న్యూమోకాకస్ టీకా అలాంటిదే, అది ఇప్పటికీ ప్రోటీన్ అతికించని చక్కెరపొరే. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు ఈ టీకా ఎలాగూ అవసరం, వాళ్ల ప్లీహం చిన్నప్పుడే పాడైపోతుంది కాబట్టి ఆ క్రిమి వాళ్లకే ఎక్కువ ప్రమాదం. కేఎం1 ఉన్న గోండు రోగికీ, లేని గోండు రోగికీ ఆ టీకా తర్వాత యాంటీబాడీల్లో తేడా వస్తే, రెండో డోసు ఎవరికి తొందరగా వేయాలో ఆ అంకె చూసి తేల్చవచ్చు.